పువ్వు అడిగి ఇవ్వాలి

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో పూలు కట్టే సభ్యుల తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ఇందాక గుమ్మం దగ్గర పూల పళ్లెం పట్టుకుని నిలబడింది మేమే. ప్రతి ఏడూ అయితే గంధం రాసి, బొట్టు పెట్టి, పువ్వు చేతిలో పెట్టేసి పంపించేస్తాం. ఈసారి మాత్రం ఒక్కొక్కరినీ ఆపి, "పువ్వు ఇమ్మంటారా అక్కా?" అని అడిగాం. కొంతమంది నవ్వారు. "ఇదేం కొత్త పద్ధతే, పువ్వు ఇవ్వడానికి కూడా దరఖాస్తు పెట్టాలా?" అని ఒక పెద్దమ్మ మమ్మల్ని ఆటపట్టించారు. ఎందుకు అడిగామో చెప్పడానికే ఇప్పుడు మైకు పట్టుకున్నాం. అయితే కథ పువ్వు దగ్గర మొదలవ్వలేదండి. బొమ్మల దగ్గర మొదలైంది.

మేం 12 మందిమి. కడియపులంక చుట్టుపక్కల ఊళ్లవాళ్లం. నర్సరీల్లో కూలికి వెళ్లేవాళ్లు కొందరు, పూల మార్కెట్ నుంచి విడిపూలు తెచ్చుకుని ఇంటి దగ్గర మాలలు కట్టేవాళ్లు కొందరు. ఎండాకాలం మల్లెలు, చలికాలం చామంతులు, బంతులు, ఎప్పుడూ ఉండేవి కనకాంబరాలు, లిల్లీలు, మరువం. అరటినార తడిపి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే మూరలు మూరలుగా కట్టుకుంటూ పోతాం. ఏ పువ్వు ఎప్పటికి విచ్చుతుందో, ఎంతసేపటికి వాడుతుందో మాకు చూపుతోనే తెలుస్తుంది. ఇన్నేళ్లు పువ్వులతో బతికాం కానీ, ఒక పువ్వుని గానీ అది పెట్టుకున్న మనిషిని గానీ తీరిగ్గా చూసింది లేదు.

రెండేళ్ల కిందట వేసవి సెలవుల్లో మా ఊరి డ్రాయింగు మాస్టారు, రిటైరయిన పెద్దాయన, పిల్లలకి ఉచితంగా బొమ్మలు నేర్పుతానన్నారు. పిల్లల్ని దింపడానికి వెళ్లినవాళ్లం అరుగు మీద కూర్చుని చూసేవాళ్లం. మార్కెట్ పని పొద్దున్నే అయిపోతుంది కదండీ, మధ్యాహ్నం కాస్త ఖాళీ. వారం గడిచాక పిల్లలు క్రికెట్‌కి పోయారు, తల్లులం మిగిలాం. మాస్టారు నవ్వి, "ముగ్గు వేసే చెయ్యికి కుంచె పట్టడం ఎంతసేపమ్మా" అన్నారు. అలా మొదలైంది.

మాకు అక్షరాలు నేర్పినట్టు కాకుండా, ముందు బొమ్మలు చూడమన్నారు. ఆటో మాట్లాడుకుని రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాం. ఎన్నోసార్లు రాజమండ్రి వెళ్లాం, ఆస్పత్రికి, కోటగుమ్మానికి, పుష్కరాలకి. అక్కడ అలాంటి గ్యాలరీ ఉందని మాలో చాలామందికి తెలీదు.

రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. మనం మహిళా దినోత్సవం జరుపుకునే తేదీయే, అందుకే మాకు బాగా గుర్తుండిపోయింది. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిలో విద్య ఉందని కనిపెట్టి ప్రోత్సహించారు. బొంబాయిలో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకుని, రామారావు గారు పెద్ద ఊళ్లో ఉండిపోకుండా తిరిగి వచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టారు. 1925 ఫిబ్రవరి 6న మశూచి సోకి పోయారు. అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆయన మిత్రుడు వరదా వెంకటరత్నం గారు ఆ తర్వాత చిత్రకళాశాల నడిపించారు.

ఆయన బొమ్మల్లో 'పుష్పాలంకరణ' అని ఒకటి ఉంది. పేరు వినగానే మేం అందరం దగ్గరికి జరిగాం, అది మా పనే కాబట్టి! పువ్వులూ ఆడవాళ్లూ కలిసి ఉన్న బొమ్మ గోడ మీదకి ఎక్కదగిన విషయమేనని నూరేళ్ల కిందటే ఒకాయన అనుకున్నాడంటే మాకు గొప్పగా అనిపించింది. అంతకన్నా ఆశ్చర్యం ఇంకోటి ఉంది. ఆయన భార్య సత్యవాణి గారూ, సోదరి బుచ్చికృష్ణమ్మ గారూ కూడా బొమ్మలు వేసినవాళ్లే. ఆ రోజుల్లో! "అయితే మనం కొత్తగా చేస్తున్నదేం కాదన్నమాట" అంది మాలో ఒకమ్మాయి. ఆ మాటతో మా భయం సగం పోయింది.

ఇక నీటిరంగుల సంగతి. నేర్చుకోవాలనుకునేవాళ్లు ఉంటారని కాస్త వివరంగా చెప్తాం.

మొదట పిల్లల డ్రాయింగు పుస్తకాల్లో వేశాం. నీళ్లు తగలగానే కాగితం ఉబ్బి, నూగు లేచి, బొమ్మ మొహం అమ్మవారు పోసినట్టయింది. నీటిరంగులకి మందపాటి కాగితం కావాలి, 300 జి.ఎస్.ఎం. అని అడిగితే ఇస్తారు. ఖరీదు ఎక్కువే. అందుకని పెద్ద కాగితం ఒకటి కొని నాలుగు ముక్కలు చేసుకున్నాం. ముక్కని చెక్క మీద పెట్టి నాలుగు వైపులా టేపు అంటిస్తే ముడతలు రావు. రంగులు కలుపుకోవడానికి స్టీలు కంచం పనికిరాదు, మెరుపులో రంగు తెలీదు. తెల్లటి పింగాణీ పళ్లెం మంచిది. కుంచెలు మూడు చాలు, సన్నది, మధ్యరకం, లావుది. పాత నూలు గుడ్డ ఒకటి పక్కన ఉండాలి.

రంగులో నీళ్లెన్ని పొయ్యాలి అన్నదే అసలు విద్య. మాస్టారు మా భాషలోనే చెప్పారు. మొదటి పూత తేట మజ్జిగలా ఉండాలి. అది ఆరాక రెండోది పాలలా. ఆఖర్న కళ్లకీ జుట్టుకీ వేసేది గట్టి పెరుగులా. ముందు లేత రంగు, తర్వాత ముదురు. తిరగేస్తే కుదరదు. ముగ్గు తప్పితే కాలితో చెరిపేసి మళ్లీ వేస్తాం, నీటిరంగు అలా కాదు. తడి కుంచెతో కాస్త అద్ది తీయొచ్చు గానీ, మచ్చ ఎంతో కొంత ఉండిపోతుంది.

జుట్టుకి నల్లరంగు వేస్తే తారు పూసినట్టుంటుంది. నీలం, కాల్చిన మట్టిరంగు కలిపితే నిజం జుట్టులా మెరుస్తుంది. చర్మానికి పెట్టెలో దొరికే గులాబీరంగు మనలో ఎవరికి సరిపోతుందండీ? పసుపుపచ్చ మట్టిరంగు, కాల్చిన మట్టిరంగు, నీడ ఉన్నచోట చిటికెడు నీలం. ఎండలో నర్సరీ మొక్కలకి నీళ్లు పోసే మొహం రంగు అదే. మొదట్లో అందరం "నన్ను కాస్త తెల్లగా వెయ్యవే" అని బతిమాలుకునేవాళ్లం. తెల్లగా వేస్తే బొమ్మ బాగుండేది కానీ ఎవరిదో తెలిసేది కాదు. మెల్లగా ఆ మాట మానేశాం.

కనకాంబరం వెయ్యడం తేలికే, జుట్టు బాగా ఆరేదాకా ఆగితే చాలు. ఆగకపోతే ఆ ఎరుపు నలుపులోకి పాకి బురదవుతుంది. మన డెల్టాలో ముసురు పట్టిన రోజుల్లో ఫ్యాను కింద పెట్టినా గంటకి కూడా ఆరదు. ఓపిక పట్టాల్సిందే.

అన్నిటికన్నా కష్టమైంది మల్లెపువ్వు. దానికి వెయ్యడానికి రంగే లేదు. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. పువ్వు ఎక్కడ ఉండాలో ముందే అనుకుని, ఆ చోటు ముట్టుకోకుండా వదిలేసి, చుట్టూ జుట్టు వెయ్యాలి. ఒక్కసారి రంగు పడిందా, ఆ పువ్వు ఇక రాదు. రోజూ సేర్లకొద్దీ మల్లెలు కట్టే మేం, ఒక్క మల్లెపువ్వుని కాగితం మీద మిగల్చడానికి నెల రోజులు పట్టింది.

పువ్వులు వచ్చాక మనుషుల్ని వెయ్యడం మొదలెట్టాం. ఎవర్ని కూర్చోమన్నా సిగ్గు. "మేమేమైనా బాపు బొమ్మలమా?" అన్న మాటే అందరి నోటా. బాపు గారు మన నరసాపురంలో పుట్టినాయనే, ఆయన గీసిన వాలుజడ అమ్మాయి ఇంటింటికీ తెలుసు. చందమామ, యువ అట్టల మీద వడ్డాది పాపయ్య గారు వేసిన అందగత్తెల్ని మా అమ్మలు కత్తిరించి దాచుకునేవారు. వాటిని చూసి పెరిగినవాళ్లం, మన మొహాలు బొమ్మకి పనికిరావని అనుకోవడం సహజమే. అయినా ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నాం. అరగంటసేపు ఏ పనీ చెయ్యకుండా ఊరికే కూర్చోవడం మాలో చాలామందికి పెళ్లయ్యాక అదే మొదలు. పక్కింటావిడ కనుబొమ మీద చిన్న మచ్చ ఉందని పాతికేళ్ల తర్వాత తెలిసింది. అడిగితే, చిన్నప్పుడు చెరువుగట్టు మీద పడిన కథ చెప్పింది. ఒక బొమ్మ అయ్యేసరికి ఒక మనిషి సంగతి తెలిసేది.

ఇప్పుడు మా తప్పు చెప్తాం.

మాలో ఒక పెద్దక్క ఉంది. పేరు చెప్పం, ఆవిడ ఇక్కడే కూర్చుని ఉంది, ఈ విషయం చెప్పమని ఒప్పుకున్నాకే చెప్తున్నాం. మా అందరిలోకీ మాల వేగంగా, బిగువుగా కట్టేది ఆవిడే. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ చేతిమీదుగా ఎన్ని పెళ్లిజడలు వెళ్లాయో లెక్కలేదు, ఆవిడ తలలోకి మాత్రం ఒక్క రెబ్బ వెళ్లలేదు. బొమ్మకి కూర్చోమంటే "నాకెందుకమ్మా" అనేది.

ఆవిడని సంతోషపెడదామని మాలో మేమే అనుకున్నాం. ఫోనులో ఉన్న ఫోటో చూసి, ఆవిడకి తెలీకుండా బొమ్మ వేశాం. జడ నిండా మల్లెలు పెట్టాం. చాలా బాగా కుదిరింది. అంతవరకూ వేసినవాటిల్లో అదే మంచిదని మాస్టారు కూడా అన్నారు. గ్రామ సంఘం గదిలో గోడకి పెట్టి, సమావేశం రోజున ఆవిడ వచ్చేదాకా ఎదురుచూశాం.

పెద్దక్క వచ్చింది. చూసింది. ఏం మాట్లాడలేదు. పొదుపు డబ్బులు కట్టి, పుస్తకంలో సంతకం పెట్టి వెళ్లిపోయింది. తర్వాతి రెండు సమావేశాలకి రాలేదు. పొదుపు మాత్రం కూతురు చేతికిచ్చి టయానికి పంపింది.

ఊళ్లో ఎవరైనా ఏమైనా అన్నారేమోనని అనుకున్నాం. "లోకం మాటలు పట్టించుకోవద్దని ధైర్యం చెప్దాం" అని నలుగురం వాళ్లింటికి వెళ్లాం. ఆవిడ మాకు టీ పెట్టి ఇచ్చి, మా మాటలన్నీ విని, అప్పుడు అంది: "పదోరోజున నా తల్లో పువ్వు తీసేసినప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడు పెట్టినప్పుడు మీరూ అడగలేదు. వాళ్లకీ మీకూ తేడా ఏటమ్మా?"

మాకు నోట మాట రాలేదు. ధైర్యం చెప్పడానికి వెళ్లినవాళ్లం తలొంచుకుని కూర్చున్నాం.

కాసేపటికి ఆవిడే ఇంకో మాట చెప్పింది. కిందటేడు మన సమాఖ్య సభకి వచ్చినప్పుడు, గుమ్మం దగ్గర పళ్లెం పట్టుకున్న అమ్మాయి ఆవిడ ముందున్నవాళ్లకి బొట్టుపెట్టి, పువ్వు ఇచ్చి, ఆవిడ దగ్గరికి వచ్చేసరికి చూపు తప్పించి వెనకున్నావిడ దగ్గరికి వెళ్లిపోయిందట. ఆ పళ్లెంలో పూలు పెద్దక్క కట్టినవే. ఆ అమ్మాయిది తప్పు అనడానికి లేదు, ఆ అమ్మాయికి చెప్పి పంపింది మనమే. "నొచ్చుకుంటారేమో, చూసి ఇవ్వు" అని చెప్పేది మనమే. నొచ్చుకోకూడదని తప్పించేస్తాం. నోరు తెరిచి అడగం.

ఇది జరుగుతున్నది ఎక్కడండీ? వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించిన రాజమండ్రికి కూతవేటు దూరంలో. అప్పుడు ఊరు వెలివేస్తే, వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రాకపోతే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వండి వడ్డించారు. ఆ తల్లి మోసిన బిందె బరువు ముందు, ఒక పళ్లెం ఒక మనిషి ముందు ఆపి "కావాలా?" అని అడగడం ఎంతపాటి పని? అయినా మనం చెయ్యలేదు. బ్యాంకుకి వెళ్లి మేనేజరు ఎదురుగా కూర్చుని మాట్లాడటం నేర్చుకున్నాం. పక్కనున్న అక్కని అడగడం నేర్చుకోలేదు.

మేం ఆ బొమ్మ గోడ మీంచి తీసి పెద్దక్క చేతికిచ్చేశాం. చింపేసుకుంటుందో, దాచుకుంటుందో ఆవిడ ఇష్టం. ఏం చేసిందో మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

నెల తర్వాత ఆవిడే వచ్చి, "నన్ను వెయ్యండి, కూర్చుంటాను" అంది. ఈసారి అడిగాం. "పువ్వులు ఎక్కడ పెట్టమంటావు పెద్దక్కా?" "తల్లో వద్దు. ఒళ్లో వెయ్యండి. నా పని అక్కడే ఉంది. తల్లో పెట్టుకోవాలనిపించిన రోజున నేనే చెప్తా." నాలుగు మధ్యాహ్నాలు కూర్చుంది. ఊరికే కూర్చోలేక మాల కడుతూనే కూర్చుంది. మేం వేసిన ముడి చూసి, "అరటినార ముడి అలా ఉండదు, బొటనవేలు ఇలా తిరగాలి" అని దిద్దించింది. ఒళ్లో ఉన్న మల్లెల కోసం కాగితంలో ఎంతో చోటు వదిలేశాం. ఆ బొమ్మలో మొహం మొదటిదానంత అందంగా లేదు. అలిసిపోయినట్టుంది, కాస్త కోపం కూడా ఉంది. కానీ చూసినవాళ్లంతా "పెద్దక్కే" అన్నారు.

అప్పట్నుంచి కుంచె ముట్టుకోకముందే అడుగుతున్నాం. జవాబులు మేం అనుకున్నట్టు ఒక్కటీ లేవు. మాలోనే చిన్నవయసులో భర్త పోయిన చెల్లెలు ఒకతె, "నాకు కనకాంబరాలు నిండుగా పెట్టండి, నిజంగా కూడా పెట్టుకునే కూర్చుంటా" అంది. అలాగే వచ్చి కూర్చుంది. భర్త పక్కనే ఉన్న ఇంకో ఆవిడ, "నాకు పువ్వొద్దు తల్లీ, పొద్దస్తమానం మల్లెల వాసనకి తలనొప్పి" అంది. చర్చికి వెళ్లే అక్కలు కొందరు తలలో పెట్టుకోమన్నారు, చేతిలో గులాబీ పట్టుకుంటామన్నారు. ఒక మామ్మగారికి పువ్వు కాదు, మరువం రెబ్బ కావాలట. ఇన్నాళ్లూ ఎవరికి పువ్వు తగునో, ఎవరికి తగదో మనకి తెలుసనుకున్నాం. అడిగితే కదా తెలిసింది, మనకేమీ తెలీదని!

లెక్కలు కూడా చెప్పాలి, ఇది సర్వసభ్య సమావేశం కదా. "బొమ్మలేస్తే వాయిదా కడతారా?" అని ఒకక్క అడిగారు. కట్టలేమండి. కొన్ని చిన్న బొమ్మలు పెళ్లిళ్లకి బహుమతిగా ఇవ్వడానికి కొనుక్కున్నారు. ఆ డబ్బు కాగితాలకి, రంగులకి సరిపోయింది, అంతే. ఇది ఆదాయ మార్గం అని చెప్పి ఎవర్నీ ఆశపెట్టం. దీనికోసం సంఘంలో ఒక్క రూపాయి అప్పు తీసుకోలేదు, ఎవర్నీ తీసుకోమనం కూడా. మా వాయిదాలు మాలలు కట్టి, కూలికెళ్లి కడుతున్నాం.

మరి లాభం ఏంటంటే, పంచసూత్రాల్లో సమావేశం మొదటిది కదా. మేం ఎన్నో ఏళ్లుగా వారం వారం గుండ్రంగా కూర్చున్నాం. ఎదురుగా ఉన్నది పొదుపు పుస్తకం, చూసింది దాన్నే. బొమ్మలు వెయ్యడం మొదలెట్టాక ఎదురుగా ఉన్న మొహం చూస్తున్నాం. ఎవరైనా దిగులుగా ఉంటే అప్పు అడగకముందే తెలుస్తోంది.

ఈ సభ ముందు మూడు విన్నపాలు పెడుతున్నాం.

ఒకటి. ఇక మీదట మన సమాఖ్యలో ఏ సభ జరిగినా, గుమ్మం దగ్గర పళ్లెం ఎవర్నీ దాటిపోకూడదు. అందరి ముందూ ఆగాలి, అందరినీ అడగాలి. తీసుకోవడం, తీసుకోకపోవడం ఆవిడ ఇష్టం. బలవంతంగా పెట్టకూడదు, చూపు తప్పించకూడదు. దీన్ని తీర్మానంగా మినిట్స్ పుస్తకంలో రాయమని కోరుతున్నాం.

రెండు. ఎవరి ఫోటో గానీ, బొమ్మ గానీ గోడకి పెట్టినా, ఈ నివేదికలో వేసినా, ముందు ఆ మనిషిని అడగాలి. ఎలా ఉండాలో కూడా అడగాలి.

మూడు. నెలకి ఒక మధ్యాహ్నం, బొమ్మలు నేర్చుకోవాలనుకునే సభ్యులకి సమాఖ్య గది ఇవ్వండి. కాగితాలు మేం తెస్తాం. మాస్టారు వస్తానన్నారు.

ఇవాళ గుమ్మం దగ్గర మేం గమనించింది ఒకటి చెప్పి ముగిస్తాం. "పువ్వు ఇమ్మంటారా?" అని అడిగినప్పుడు చాలామంది చప్పున చెయ్యి చాపారు. కొంతమంది వద్దన్నారు. కానీ కొంతమంది ఒక్క క్షణం ఆగిపోయారు. ఆ ప్రశ్న తమనేనా అన్నట్టు వెనక్కి తిరిగి చూశారు. మీరెవరో మాకు తెలుసు, పేర్లు చెప్పం. మిమ్మల్నే అడిగాం అక్కా. ఇప్పుడు చెప్పక్కర్లేదు. పళ్లెం సాయంత్రం దాకా గుమ్మం దగ్గరే ఉంటుంది, పూలు తడిగుడ్డ కప్పి ఉంచాం, వాడవు.